ఉడుము వైరస్‌కు ఒక చోటు

ఆ రోజు కార్డుల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్న తొమ్మిదింటికల్లా ల్యాబుకు వెళ్ళాలి, గోడ మీది బోర్డును ఫోటో తీయాలి, దాన్ని దరఖాస్తుకు జతచేసి సాయంత్రం నాలుగు లోపల వర్గీకరణ కమిటీకి పంపాలి. ఆపైన రిటైర్మెంటుకు మిగిలిన నాలుగు రోజులూ కుర్చీలో వెనక్కి వాలి గడిపేయాలి. ఇంత చిన్న పథకం చెడాలంటే పదిమంది చేతులు పడాలి. ఆ రోజు అవన్నీ పడ్డాయి.

వెన్నెముక ఉన్న జంతువులను పట్టే అతి చిన్న ఆర్.ఎన్.ఏ. వైరస్‌ల కుటుంబం ఒకటుంది. పశువులకు వచ్చే గాలికుంటు, పిల్లలను కుంటివాళ్ళను చేసిన పోలియో, మనందరి జలుబూ ఆ ఇంటి సంతానమే. ఆ ఇంట్లో ఎవరిది ఏ శాఖో, ఎవరు ఎవరికి దగ్గరో తేల్చడం మాస్టారి వృత్తి. పెళ్ళిళ్ళ పేరయ్యకు కూడా అన్ని చుట్టరికాలు గుర్తుండవు.

బోర్డు మీద అరవై మూడు కార్డులున్నాయి. ఒక్కో కార్డు ఒక్కో వైరస్. పుల్లటి ద్రావకంలో వేసినా బతికేవాటిని ఆకుపచ్చ ఊలుతో, చచ్చేవాటిని ఎర్ర ఊలుతో కలిపారు. ఆ ల్యాబుకు కంప్యూటర్లు రాని రోజుల్లో వర్గీకరణ అంటే అదే. ఊలు మాస్టారి భార్య స్వెట్టరు అల్లగా మిగిలింది. కార్డుల మీద గుండ్రటి అక్షరాలూ ఆవిడవే. ఆవిడ అదే ల్యాబులో టెక్నీషియనుగా చేసి రెండేళ్ళ క్రితం దిగిపోయింది.

ఆకుపచ్చ వరసలో చివరి కార్డు ఉడుము వైరస్‌ది. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం జంతు ప్రదర్శనశాల డాక్టరు ఒక చచ్చిన ఉడుమును గోనెసంచిలో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. అందులోంచి ఈ వైరస్‌ను బయటికి తీసింది అప్పుడే ఉద్యోగంలో చేరిన మాస్టారు, ఆయన కింద పనిచేస్తున్న టెక్నీషియను అమ్మాయి. ద్రావకంలో బతికింది కాబట్టి దీన్ని ఆకుపచ్చ శాఖలోనే పెట్టాలన్నారు ఆయన. "బతికిందనుకోండి. కానీ ఇది కణాలను చంపే తీరు వేరుగా ఉంది సార్. దీన్ని విడిగా పెట్టాలేమో" అందా అమ్మాయి. ఆయన ఒప్పుకోలేదు. ఆమె సరే సార్ అంది. మరుసటేడు ఇద్దరికీ పెళ్ళయింది. సార్ పోయింది, వాదన మిగిలింది.

అప్పటినుంచీ ఆయన సాయంత్రం ఉడుము కార్డును ఆకుపచ్చ వరసలో గుచ్చి వెళ్ళేవారు. ఆవిడ పొద్దున్నే వచ్చి దాన్ని కుడివైపు పైమూలన ఒంటరిగా గుచ్చేది. ఆవిడ దిగిపోయాక ఈ రెండేళ్ళూ కార్డు కదలలేదు. మాస్టారు గెలిచారు గానీ, పొద్దున్నే వచ్చి చూసినప్పుడల్లా ఆ గెలుపు ఆయనకు చప్పగానే ఉండేది.

ఈసారి కమిటీ పాత జాబితాలన్నీ తేల్చి మూసేస్తోంది. ఇప్పుడు ఎక్కడ పెడితే అక్కడే. మాస్టారు జీవితంలో కనిపెట్టింది ఆ ఒక్క వైరస్‌నే. పేరున్న పెద్ద శాఖలో ఉంటే పుస్తకాల్లో దాని పేరూ ఒక మూల వస్తుంది. విడిగా పడేస్తే అనాథలా దాన్ని ఎవరూ పట్టించుకోరని ఆయన భయం. ఆ భయాన్ని ఎవరితోనూ అనలేదు. భార్యతో అసలు అనలేదు.

ల్యాబుకు చేరగానే ఉడుము కార్డు కాస్త వంకరగా కనిపించింది. ఫోటోలో బాగుండదని స్టూలెక్కి సరిచేయబోయారు. స్టూలు ఊగింది. మాస్టారు పడకుండా బోర్డు పట్టుకున్నారు. బోర్డు ఆయన్ను నిలబెట్టి, తాను పడింది. అరవై మూడు కార్డులూ బల్లల కిందికి, బీరువాల వెనక్కి చెదిరిపోయాయి.

పక్క గదిలోంచి కంప్యూటరమ్మాయి పరిగెత్తుకొచ్చింది. వైరస్‌ల జన్యువులను వరసపెట్టి పోల్చే ఉద్యోగం ఆ పిల్లది. "దెబ్బ తగిలిందా సార్?"

"నాకు కాదమ్మా, వీటికి."

"పర్లేదు సార్. అన్నీ ఏరుదాం. ఏది ఎక్కడుండేదో మీరు చెప్పండి, నేను గుచ్చుతాను."

మాస్టారు ఖాళీ బోర్డు వైపు తిరిగారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ బోర్డు ముందు నిలబడి ఉపన్యాసాలిచ్చిన మనిషికి ఉడుముది తప్ప ఏ కార్డు చోటూ గుర్తు లేదు. చెప్పింది ఆయన, గుచ్చింది ఆవిడ. చేతికి తెలిసినంత నోటికి తెలియలేదు.

ఇంటికి ఫోను చేశారు. బోర్డు పడేశానని చెప్పడానికి మాత్రం మనసొప్పలేదు. "ఏమోయ్, డైరెక్టరు నిన్నోసారి రమ్మంటున్నాడు. వీలైతే ఇప్పుడే రా" అన్నారు.

"నన్నా? ఎందుకట?"

"ఏమో, నాకేం తెలుసు."

ఆవిడ మర్యాద తెలిసిన మనిషి. బయలుదేరే ముందు డైరెక్టరుకు ఫోను చేసి, గుర్తుపెట్టుకుని పిలిచినందుకు చాలా సంతోషమనీ, అరగంటలో వస్తున్నాననీ చెప్పింది. డైరెక్టరు ఒకప్పుడు మాస్టారి శిష్యుడు. మతిమరుపుకు పెట్టింది పేరు. తాను పిలిచినట్టు ఆయనకు గుర్తు లేదు. గుర్తు లేదని చెప్పే అలవాటూ లేదు. తప్పకుండా రండమ్మా అని ఫోను పెట్టేసి, తల పట్టుకున్నారు. మాస్టారి వీడ్కోలు సభ ఈ రోజే అయి ఉండాలి, తానే ఏర్పాటుచేసి మరచిపోయి ఉండాలి. పదినిమిషాల్లో గుమాస్తా కేకు కోసం పరిగెత్తాడు, రెండు అంతస్తుల కుర్చీలు మాస్టారి గదికి నడిచొచ్చాయి, ఫోటోగ్రాఫరు దారిలో ఉన్నాడు.

ఆవిడ వచ్చేసరికి గదినిండా కుర్చీలు, మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని బీరువా కింద చీపురుపుల్లతో జలుబు వైరస్‌ను బయటికి లాగుతున్న భర్త. ఆవిడ బోర్డును చూసింది, ఆయన్ను చూసింది.

"డైరెక్టరు రమ్మన్నాడా?"

"అందరూ వింటున్నారు. తర్వాత తిట్టుకో."

ఆవిడ చీర చెంగు దోపుకుంది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కో కార్డూ అందుకుని గుచ్చుతూ పోయింది. కాగితం చూడలేదు, ఎవరినీ అడగలేదు. ఆకుపచ్చ ఊలు ఎక్కడ మలుపు తిరగాలో, ఎర్రది ఎక్కడ ఆగాలో ఆ వేళ్ళకు తెలుసు. మాస్టారు చూస్తూ నిలబడ్డారు. పెళ్ళికి ముందు సంవత్సరం ఇదే గదిలో, ఇదే కిటికీ వెలుగులో ఆమె ఇలాగే గుచ్చుతుంటే, సూదులు అందించే నెపంతో ఆయన సాయంత్రాలు ఇంటికి వెళ్ళడం మానేశారు. ఆ రోజులు మళ్ళీ రావని తెలిసి ఆయనకు బాధ కలిగింది. ఆ బాధలో, చివరి కార్డు ఎక్కడికి వెళ్ళిందో చూసుకోలేదు.

డైరెక్టరు వచ్చి గంటన్నర మాట్లాడారు. అందులో మాస్టారి గురించి పావుగంట ఉంది. బోర్డు ముందు దంపతులను నిలబెట్టి ఫోటో తీయించారు. "గురువుగారూ, ఇక మీరు కూర్చోండి. దరఖాస్తు నా చేతుల మీదుగా వెళ్ళడం నాకు గౌరవం" అని, ఆ ఫోటోనే జతచేసి రెండింటికి కమిటీకి పంపేశారు.

కేకు తింటూ మాస్టారు ఫోటో చూశారు. భార్య భుజానికి పైన, కుడివైపు మూలన, ఉడుము.

చేతిలో కేకు చేతిలోనే ఉండిపోయింది. ఎవరికీ చెప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుని, బోర్డు కింద పడినందున ఒక కార్డు తప్పు చోట ఉందని కమిటీకి రాసేశారు. ఏ కార్డో రాయడం కంగారులో మరిచారు. ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. అరవై మూడింటిలో తప్పేదో తేలేవరకు కుటుంబం మొత్తాన్నీ నిలిపివేస్తున్నామనీ, నాలుగు లోపల లెక్కలతో సహా చెప్పకపోతే ఈ దరఖాస్తును పక్కన పెడతామనీ అందులో ఉంది. అది చదివి డైరెక్టరు కుర్చీలో కూలబడ్డారు. "కుటుంబాన్నే ఆపించారా గురువుగారూ" అన్నారు నీరసంగా.

మూడుంబావుకు మాస్టారు కంప్యూటరమ్మాయి దగ్గరికి వెళ్ళారు. "ఉడుముది ఆకుపచ్చ శాఖేనని లెక్క చూపించాలమ్మా. నీ దగ్గర ఉంటుందిగా?"

ఆ పిల్ల ఇబ్బందిగా కదిలింది. "లెక్క ఉంది సార్. కానీ అది అలా చెప్పట్లేదు. ఒకే శాఖ అనడానికి కమిటీ పెట్టిన హద్దును ఉడుము ఎప్పుడో దాటేసింది. ఆకుపచ్చ వాటికీ దీనికీ పోలికే లేదు. మూడు నెలల క్రితమే మీ టేబుల్ మీద పెట్టాను."

"నేను చూడలేదే."

"దాని మీదే టీ గ్లాసు పెట్టుకుంటున్నారు సార్."

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అయితే ఇది ఎవరికీ చెందదన్నమాట. అనాథ."

"అనాథ ఏంటి సార్? విడిగా ఉందంటే కొత్త శాఖ. మొదటిది ఇదే కాబట్టి శాఖకు పెద్ద ఇదే. రేపు దీనిలాంటివి ఏం దొరికినా దీని వెనకే చేరాలి."

ముప్పై ఒక్క ఏళ్ళుగా సొంత ఇల్లుండగా దాన్ని పరాయి ఇంటి వసారాలో పడుకోబెట్టానని ఆయనకు అప్పుడు అర్థమైంది. కిటికీ పక్కన పాత స్నేహితురాళ్ళతో కూర్చున్న భార్య దగ్గరికి నడిచారు.

"నువ్వు చెప్పిందే నిజం."

"ఏది?"

"ఉడుము."

"ఇప్పుడు తెలిసిందా?" అంది ఆవిడ. ఆ మాట గట్టిగా అందామనుకుంది గానీ, కళ్ళు నిండి గొంతు తగ్గింది. "నేనేదో పంతానికి అన్నాననుకున్నారు కదూ ఇన్నాళ్ళూ."

"పంతం నాది. ఉడుంపట్టు అంటారే, అది."

మూడు నలభైకి మాస్టారు కొత్త శాఖ కోసం దరఖాస్తు రాశారు. ప్రతిపాదించినవారు అన్నచోట భార్య పేరు రాశారు. మొదట ప్రతిపాదించిన తేదీ అన్నచోట, దాచకుండా, ముప్పై ఒక్క ఏళ్ళ వెనకటి తేదీ వేశారు. నాలుగుకు రెండు నిమిషాలుండగా అది వెళ్ళింది.

ఐదింటికి కమిటీ జవాబొచ్చింది. కుటుంబం విడుదలైంది, కొత్త శాఖ పరిశీలనకు అర్హమైంది. ఒక్క సందేహం మాత్రం మిగిలింది: ప్రతిపాదన మొదట వచ్చిన తేదీకీ నేటికీ మధ్య ఇంత జాప్యం ఎందుకు జరిగిందో ప్రతిపాదించినవారు స్వయంగా ఒక్క వాక్యంలో తెలపాలి.

మాస్టారు కాగితం, కలం తెచ్చి భార్య ముందు పెట్టారు.

ఆవిడ ఇంకో పది కాగితాలు అడిగింది.