ఏడు చేతుల చక్రవర్తితో పేకాట

సెమికోలన్‌కు పదవీ విరమణ అయి మూడు నెలలైంది. ఆ పేరు ఆఫీసువాళ్ళు పెట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక్క సెమికోలన్ మరిచిపోయి, దాన్ని వెతకడానికి పదకొండుమందిని మూడు రోజులు కూర్చోబెట్టిన ఘనుడాయన. తప్పు తనది కాదని, కీబోర్డుదని ఇప్పటికీ వాదిస్తాడు.

ఆయన భార్యను అందరూ సూదమ్మ అంటారు. ముప్పై ఐదేళ్ళుగా ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తోంది. ఇంటికొచ్చాక కూడా కొంచెం తీస్తుందని సెమికోలన్ అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఆయన ఎప్పుడూ పైకి అనలేదు.

బుధవారం సాయంత్రం ఆవిడ టీ కప్పు ఆయన ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఎదురుగా కూర్చుందంటే ఏదో ఉందన్నమాట.

"వచ్చే నెల నుంచి నేను కూడా ఇంట్లోనే ఉంటాను."

"సంతోషం."

"ఆ చిన్న గది నాకు కావాలి."

"ఏ చిన్న గది?"

"మనింట్లో ఎన్నున్నాయేంటి?"

"అందులో కంప్యూటర్ ఉంది కదోయ్."

"తలుపేసుకోవడానికి వీలైన గది అదొక్కటే. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళందరి చేతులూ పట్టుకుని కూర్చున్నా. ఇక కొన్నాళ్ళు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తలుపేసుకుని ఒక్కదాన్నే కూర్చుంటా. ఆదివారం మా తమ్ముడు వడ్రంగిని తీసుకొస్తాడు, అరలు కొలవడానికి. ఆ డబ్బాను పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం."

డబ్బా అన్న మాటకు సెమికోలన్ టీ కప్పు కింద పెట్టేశాడు.

ఆ డబ్బా కథ చెప్పాలి. పెళ్ళైన కొత్తలో, ఒక్కో భాగం ఒక్కో నెల కొనుక్కొచ్చి, తన చేత్తో బిగించిన కంప్యూటర్ అది. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. ఆన్ చేస్తే ముందు దగ్గేది, తర్వాత బుర్రుమనేది, ఆ తర్వాత చాలాసేపు ఏం చేయాలో మరిచిపోయినట్టు ఉండేది. ఆఫీసులో పగలంతా జీతాల పట్టికలు రాసి వచ్చి, సాయంత్రాలు దాని ముందు కూర్చుని ఆయన పోకర్ ఆడే ప్రోగ్రాము రాశాడు.

పోకర్ అంటే పెద్ద విద్యేం కాదు. చేతికి ఐదు ముక్కలొస్తాయి. బాగుంటే పందెం పెంచాలి. బాగా లేకపోతే, ఆ సంగతి ఎదుటివాడికి తెలియకుండా పెంచాలి. ఆ ధైర్యం లేకపోతే ముక్కలు పడేయాలి.

ఎదుటివాడు ఉత్త యంత్రమైతే మజా ఏముందని, సెమికోలన్ ఒక గ్రహాంతరవాసిని సృష్టించాడు. పేరు ఝంఝాట చక్రవర్తి. ఏడు చేతులు. సొంత గ్రహం, రెండు చంద్రుళ్ళు, ఏ పనీ చేయని మంత్రివర్గం.

అంతా బాగానే ఉంది గానీ, పెంచాలో పడేయాలో తేల్చుకోవడానికి ఆ పాత యంత్రానికి ఒక్కోసారి ముప్పై సెకన్లు పట్టేది. ఈలోగా చచ్చిపోయిందనుకుని జనం స్విచ్ తీసేస్తారు. అందుకని, లెక్క తేలేదాకా చక్రవర్తి జోకులు చెప్పేలా రాశాడు. అన్నీ సైన్స్ ఫిక్షన్ జోకులే, అన్నీ సొంతంగా రాసినవే, మొత్తం మూడువందల పన్నెండు. "కాలయంత్రం రేపు కొన్నాను, నిన్న పాడైంది, గ్యారంటీ ఇంకా మొదలు కాలేదంటున్నారు" అనేది వాటిలో ఒకటి.

ప్రోగ్రామును ఒక కంప్యూటర్ పత్రికకు పంపితే, ఆట బాగుంది, జోకులు తీసేయండి అన్నారు. జోకుల్ని ఒక హాస్య పత్రికకు పంపితే, అర్థం కాలేదు, వేరే ఏమైనా ఉంటే పంపండి అన్నారు. దాంతో చక్రవర్తి ఆ చిన్న గదిలోనే స్థిరపడిపోయాడు. అప్పట్లో సూదమ్మ ల్యాబు నుంచి వచ్చి, ఆయన కుర్చీ పక్కనే ముక్కాలిపీట వేసుకుని ఆడేది. ఒక్కోసారి ఇద్దరూ బయట వాన మొదలైందీ ఆగిపోయిందీ కూడా గమనించేవాళ్ళు కాదు. ఎప్పుడు మానేశారో మాత్రం ఇద్దరిలో ఎవరికీ గుర్తు లేదు.

ఇంత కథ ఉన్న దాన్ని ఇవ్వనని చెప్పొచ్చు కదా. చెప్పలేకపోయాడు. గది విషయంలో ఆవిడ మాటలో న్యాయం ఉంది, ఆ సంగతి ఆయనకు తెలుసు. అందుకని గురువారం పొద్దున్నే ఒక ఉపాయంతో లేచాడు.

"నువ్వు చెప్పింది సబబుగానే ఉంది. కానీ ఇలాంటివి ఊరికే తేల్చేయకూడదు. ఇద్దరికీ సమ్మతమైన పద్ధతి ఉండాలి. పద్ధతి అంటే నిష్పాక్షికంగా ఉండాలి. యంత్రానికి పక్షపాతం ఉండదని నీకు తెలుసు కదా. ఆదివారం నువ్వు చక్రవర్తితో ఆడు. నువ్వు గెలిస్తే గది నీది. ఆయన గెలిస్తే ఆయన గదిలో ఆయన ఉంటాడు. ఏమంటావు? నీ ఇష్టమేలే, బలవంతం లేదు. ఊరికే అంటున్నా."

సూదమ్మ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. "సరే" అంది.

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అనుమానపడాల్సింది. సెమికోలన్ సంతోషపడ్డాడు.

శుక్ర, శనివారాలు ఆవిడ ల్యాబుకు వెళ్ళగానే గదిలో దూరాడు. పాత ప్రోగ్రాము తెరిచి, ప్రతి మూడో పంపకంలో చక్రవర్తికి, దాదాపు ఓటమన్నదే లేని నాలుగు ఆసులూ వచ్చేలా మార్చాడు. ముప్పై ఏళ్ళ క్రితం తను రాసిన వాక్యాలు తనను చూసి తల దించుకున్నట్టనిపించింది. 'ఒక్కసారికే' అని వాటికి సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున పదింటికి బావమరిది వడ్రంగితో సహా దిగాడు. ఈ బావమరిదికి సలహాలరావు అని పేరు. ఈత రాకపోయినా ఈదేవాళ్ళకు గట్టు మీద నుంచి సలహాలిచ్చే రకం. సంగతి వినగానే అంపైర్ పదవి తనకు తానే ఇచ్చుకున్నాడు. వడ్రంగి కొలత టేపు పట్టుకుని ఒక మూల నిలబడ్డాడు.

చెరి వంద బిళ్ళలు. పన్నెండింటికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్ళది గెలుపు.

యంత్రం దగ్గింది, బుర్రుమంది. మొదటి పంపకం పడింది. చక్రవర్తి ఆలోచనలో పడ్డాడు. ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

"భూమి మీద దిగిన మా రాయబారి మొట్టమొదట టేబుల్ ఫ్యానుతో మాట్లాడాడు. ఆ ఇంట్లో పనిచేస్తూ కనిపించింది అదొక్కటేనట. మాతో సంధికి ఒప్పుకుంటారా అని అడిగాడు. ఫ్యాను అటూ ఇటూ తల అడ్డంగా తిప్పింది. అందుకే మీ మీద యుద్ధం ప్రకటించాల్సి వచ్చింది. మీ ఇంట్లో కరెంటు పోవడంతో శత్రువు నిద్రపోయాడనుకుని విరమించాం."

వడ్రంగి కిసుక్కున నవ్వాడు. సూదమ్మ చివరిదాకా చదివి ఇరవై బిళ్ళలు పెంచింది. చక్రవర్తి ముక్కలు పడేశాడు.

"నీ చేతిలో ఏముందోయ్?" అన్నాడు సెమికోలన్.

"ఏమీ లేదు. పెద్ద ముక్కంటే తొమ్మిదే."

రెండో పంపకంలోనూ అంతే. పొడుగు జోకు, ఆవిడ పెంచడం, చక్రవర్తి పారిపోవడం. మూడోది వచ్చింది. సెమికోలన్ తెర మీదికి వంగాడు. నాలుగు ఆసులున్న చక్రవర్తికి ఆలోచించే పనేముంది? తెర మీద ఒక్క మాట పడింది: "పెంచుతున్నాను."

సూదమ్మ ముక్కలు పడేసింది.

"అక్కా, మూడు రాజులు పెట్టుకుని పడేశావేంటే?" అన్నాడు అంపైర్.

"ఆయన గొంతు మారిందిరా."

"కంప్యూటర్‌కు గొంతేంటే?"

"నువ్వు బిళ్ళలు లెక్కపెట్టు."

ఇలాగే సాగింది. చక్రవర్తి నోరు విప్పితే ఆవిడ పెంచుతుంది, నోరు మూస్తే పడేస్తుంది. సెమికోలన్ కుర్చీ వెనక్కి చేరాడు. తన ప్రోగ్రామును తనే పక్కదారి పట్టించి, ఇప్పుడు అది ఓడిపోతుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చింది. "వెలుతురు తక్కువైనట్టుంది" అన్నాడు. "కుర్చీ సరిగ్గా లేదేమో" అన్నాడు. "యంత్రం వేడెక్కింది, కాసేపు ఆపుదామా" అన్నాడు.

పదకొండు ముప్పావుకు చక్రవర్తి దగ్గర ముప్పై బిళ్ళలు మిగిలాయి. మళ్ళీ మూడో పంపకం వచ్చింది. "పెంచుతున్నాను" అంది తెర. ఈసారి సూదమ్మ ముక్కలు పడేయలేదు. సెమికోలన్ వైపు తిరిగింది.

"ఈ ఒక్కసారి చూద్దామండీ. ఆయన దగ్గరున్న ముప్పై పందెంలో పెట్టమంటాను. ముక్కలు చూపించమనండి."

"ఎందుకోయ్, పడేయరాదూ? ఇంతసేపూ పడేశావు కదా" అన్నాడు సెమికోలన్. చక్రవర్తి ఓడిపోతాడని కాదు, ఆవిడ చూపులో ఏదో కనిపించి అన్నాడు.

ఆవిడ మీట నొక్కింది. చక్రవర్తి ముక్కలు వరసగా తిరగబడ్డాయి. ఆసు. ఆసు. ఆసు. ఆసు. ఆసు.

వడ్రంగి ముందుకొచ్చి వేలితో లెక్కపెట్టాడు.

"ఐదున్నాయి సార్" అన్నాడు వడ్రంగి.

"పేకలో ఆసులు నాలుగే కదా బావగారూ" అన్నాడు సలహాలరావు.

"వాళ్ళ గ్రహంలో ఐదు" అన్నాడు సెమికోలన్.

"ఇస్పేటు ఆసే రెండుసార్లు ఉంది."

"వాళ్ళకు చంద్రుళ్ళు కూడా రెండేనయ్యా."

జరిగిందేమిటంటే, అందరూ ఒకటి నుంచి లెక్కపెడితే ప్రోగ్రాములు రాసేవాళ్ళు సున్నా నుంచి లెక్కపెడతారు. సెమికోలన్ ఆ అలవాటు కొద్దీ సున్నా దగ్గర మొదలుపెట్టి, మోసం చేస్తున్న కంగారులో నాలుగు దాకా వెళ్ళాడు. అవి ఐదు.

వడ్రంగి ఇంకేమీ అడగకుండా గోడ కొలవడం మొదలుపెట్టాడు. సలహాలరావు టేపు రెండో కొస పట్టుకున్నాడు.

సెమికోలన్ ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. "నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"ఏదో చేస్తారని గురువారమే తెలుసు. సూదికి భయపడేవాళ్ళని ముప్పై ఐదేళ్ళుగా చూస్తున్నా. ధైర్యం ఉన్నవాడు వచ్చి చెయ్యి చాస్తాడు. భయమున్నవాడు వాళ్ళ ఊరి సంగతులు, పిల్లల చదువులు, అన్నీ చెప్తాడు. మీ చక్రవర్తీ అంతే. చేతిలో ముక్కలుంటే మాట్లాడడు, లేకపోతే కథలు మొదలెడతాడు. మీరూ అంతే. గురువారం పొద్దున ఎంత మాట్లాడారో గుర్తుందా?"

"ఆయన సంగతి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే సరిచేసేస్తారుగా." ఆవిడ తెర వైపు చూసింది. "మిమ్మల్ని ఆ ప్రాజెక్టు పని మీద పదకొండు నెలలు వేరే ఊరు పంపారు, గుర్తుందా? రోజూ ల్యాబు నుంచి వచ్చి దీన్ని ఆన్ చేసుకునేదాన్ని. ఆట కోసం కాదు. ఇంట్లో మీలా మాట్లాడేది ఇదొక్కటే. మూడువందల పన్నెండూ నాకు కంఠతా వచ్చు."

రెండు పత్రికలు వెనక్కి పంపిన ఆ జోకుల్ని ఒక మనిషి కంఠతా పట్టిందని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు. "ఆఫీసులో నేను రాసినవన్నీ ఎప్పుడో మార్చేశారోయ్" అన్నాడు. "నేను రాసింది రాసినట్టు నడుస్తున్నది ఇదొక్కటే. ఇదీ పోతే, అన్నేళ్ళు నేనేం చేశానంటే చూపించడానికి ఏం మిగలదు. అందుకే ఇవ్వలేకపోయా."

"ఎవరిస్తానన్నారు?"

"నువ్వేగా, బుధవారం."

"బుధవారం మీరు ఈ మాట చెప్తారేమోనని చూశా. మీరు పేకాట పెట్టారు."

సెమికోలన్ కీబోర్డు మీది దుమ్ము తుడిచాడు.

తీర్పు ఇలా వచ్చింది. గది సూదమ్మది. కంప్యూటర్ ఆ గదిలోనే ఉంటుంది, కాబట్టి అదీ సూదమ్మదే. సెమికోలన్ తలుపు తట్టి రావాలి. శుక్ర, శనివారాల్లో మార్చినదంతా తీసేసి, చక్రవర్తిని మునుపటిలా చేయాలి. పాత జోకులన్నీ అయిపోయాయి గనక కొత్తవి రాయాలి. రాసినవాటిని ముందు ఆవిడ చూస్తుంది.

సలహాలరావు, వడ్రంగి వెళ్ళిపోయాక, ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. సెమికోలన్ భోజనాల బల్ల దగ్గర కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత రాస్తున్నాడు. కొట్టేశాడు, మళ్ళీ రాశాడు, మళ్ళీ కొట్టేశాడు. గంట తర్వాత ఒక పేజీ నిండింది. వెళ్ళి తలుపు కింద నుంచి లోపలికి తోసి, అక్కడే నిలబడ్డాడు.

"చాలా పొడుగుందండీ" అంది ఆవిడ లోపల్నుంచి. "ఏంటి భయం?"

"నీకు నవ్వు రాదేమోనని."

లోపల కాగితం గరగరలాడింది. తర్వాత ఆవిడ నవ్వడం వినపడింది. తలుపు మాత్రం తీయలేదు.