ఓటమి తీసేసిన ఆట

ఇకమీదట ప్రభుత్వం ప్రజలతో వీడియో గేమ్ ద్వారా మాట్లాడుతుందని సమాచార శాఖ మంత్రిగారు ప్రకటించారు. పేపరు చదివేవాడు పేజీ తిప్పేస్తాడు, టీవీ చూసేవాడు చానెల్ మార్చేస్తాడు, గేమ్ ఆడేవాడు మాత్రం తల తిప్పడని ఆయన పరిశోధనలో తేలింది. ఆ పరిశోధన ఆయన ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర జరిగింది.

గేమ్ పేరు ‘ముందుకే’. అందులో మంత్రిగారు నడుస్తారు, ప్రజలు నడిపిస్తారు. తయారు చేయించే బాధ్యత పౌరసంబంధాల అధికారికి అప్పగించారు.

మొదటి నమూనా చూసి మంత్రిగారు ముఖం చిట్లించారు.

“ఏమిటయ్యా అది?”

“గుంత సార్. తమరు దూకాలి.”

“నేనేసిన రోడ్డు మీద గుంతా?”

గుంత తీసేశారు. గుంతే లేనప్పుడు దూకడం దేనికని ఆ మీటా తీసేశారు.

రెండో నమూనాలో దారి పక్కన అర్జీలు పట్టుకుని జనం నిలబడ్డారు. ఆగి అర్జీ తీసుకుంటే పది పాయింట్లు.

“అర్జీలంటే సమస్యలున్నట్టే కదా?”

జనాన్ని తీసేశారు. ఇక ఆగాల్సిన పని లేదు కాబట్టి ఆగే మీటా పోయింది. మూడోసారి మంత్రిగారికి బొటనవేలు నొప్పి పుట్టింది. ఏ మీటా నొక్కకపోయినా నడిచేలా మార్చారు.

“చూడు, ఆవిష్కరణ సభలో తెర మీద నేను పడ్డానంటే, మర్నాడే నువ్వు రికార్డుల గదిలో పడతావు.”

అధికారి ఆ గదిలో మూడేళ్లు పనిచేశాడు. అప్పుడు పట్టుకున్న దగ్గు ఇంకా వదల్లేదు.

ఇంటికెళ్లి గేమ్ అత్తగారికిచ్చాడు. ఫోనులో ఆవిడ గెలవని ఆట లేదు.

“అల్లుడుగారూ, ఇందులో చచ్చేదెప్పుడు?”

“చావరండీ.”

“పోనీ, ఓడిపోయేది?”

“అదీ లేదు.”

“మరి నేనేం చెయ్యాలి?”

“చూడాలి.”

“ఇది టీవీ కదా నాయనా!” అని ఆవిడ ఫోను తిరిగిచ్చేశారు.

ఆవిష్కరణ సభలో మంత్రిగారు పావుగంట ఆడారు. ఒక్కసారీ పడలేదు. చప్పట్లు మోగాయి. అధికారి ఊపిరి పీల్చుకున్నాడు.

ముందు వరుసలోంచి ఒక విలేకరి లేచింది. “మేమూ ఆడొచ్చా సార్?”

“మీకోసమే కదమ్మా!” అంటూ మంత్రిగారు కంట్రోలర్ ఆమె చేతికిచ్చారు.

ఆమె వెనక్కి నడిపే మీట నొక్కింది. ఆ ఒక్క మీట తీయించడం అధికారి మరిచిపోయాడు. తెర మీద మంత్రిగారు ముందుకే నడిచారు. ఆమె మళ్లీ నొక్కింది. ఆయన ముందుకే నడిచారు.

అధికారి బల్ల కిందికి చూశాడు. కంట్రోలర్ తీగ కొస ఊడిపోయి నేల మీద ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. వంగి తగిలిద్దామా అని ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత దాన్ని కాలితో బల్లగుడ్డ లోపలికి నెట్టాడు.

“నేనొకటి నొక్కితే ఇదొకటి చేస్తోందేంటి సార్?”

“నడిపేది మీరేనమ్మా. కంట్రోలర్ ఎవరి చేతిలో ఉంది?”

ఆమె చూసుకుంది. “నా చేతిలోనే.”

తెర మీద ‘మీరు గెలిచారు’ అని పడింది. సభంతా ఆమెకు చప్పట్లు కొట్టింది. ఆమె కంట్రోలర్‌ను చంకలో పెట్టుకుని తనూ కొట్టింది. మంత్రిగారు నడుస్తూనే ఉన్నారు.