ఇక్కడికి వచ్చాను

బస్ స్టేషన్ ప్రోగ్రామర్ ఆ ఉదయం ఒక్కటే నిర్ణయంతో ఇంటి నుంచి కదిలాడు: సాయంత్రం దాకా నోరు విప్పకూడదు. నిజానికది భార్య నిర్ణయం. నోటి దురుసుతో రెండు ఉద్యోగాలు ఊడగొట్టుకున్న మహానుభావుడు. మూడోది పర్మనెంటవుతుందో, అదీ పోతుందో ఇవాళ మేనేజరు తేల్చేస్తాడు.

"ఆయనేమన్నా సరే, బెల్లం కొట్టిన రాయిలా ఉండండి," అంది ఆవిడ.

పని చిన్నదే. రూబీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం బస్సుల వివరాలను కంప్యూటర్ తెర మీద చూపిస్తోంది. వాటిని హాల్లోని పెద్ద బోర్డు మీదికి మళ్ళించాలి. మళ్ళించాడు. బోర్డు నల్లగానే ఉంది. ప్రోగ్రాం ఎందాకా నడిచిందో తెలియడానికి మూడో ప్లాట్‌ఫామ్ వరసలో "ఇక్కడికి వచ్చాను" అనీ, ఐదో దాని వరసలో "ఇక్కడికీ వచ్చాను" అనీ బోర్డు మీద పడేలా ప్రోగ్రాంలో పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు.

మేనేజరు తొంగిచూసి, ఫ్యూజు పోయిందేమో చూసుకోమని వెళ్ళాడు. మనవాడు నోరు మూసుకున్నాడు గాని చేతులు ఊరుకోలేదు. కసికొద్దీ ఇంకో లైను కొట్టాడు.

మరిచిపోయిందల్లా ఒకటే. అక్షరాలు బోర్డుకు ఎప్పటికప్పుడు పోవు, ముందు బకెట్లో నీళ్ళలా పోగవుతాయి. నిండాకే ప్రోగ్రాం వాటిని బోర్డు మీద కుమ్మరిస్తుంది. అడుగున మిగిలింది ప్రోగ్రాం మూసినప్పుడే పోతుంది.

బకెట్ నిండింది. బోర్డు మీద "3: ఇక్కడికి వచ్చాను" అని వెలిగింది. ఏ బస్సో చెప్పలేదు కనుక ప్రతివాడూ తన బస్సే అనుకుని మూటాముల్లెతో మూడుకు పరిగెత్తాడు. అంతలో "5: ఇక్కడికీ వచ్చాను". సగం మంది ఐదుకు మళ్ళారు. డ్రైవర్లు ఎప్పుడైనా బోర్డు చూశారా? జనం ఎక్కడుంటే బస్సులు అక్కడికే తెచ్చి ఆపారు.

మేనేజరు ఆనందం పట్టలేక మైకు అందుకున్నాడు. "చూశారా, మా బోర్డు అబద్ధం చెప్పదు! ఈ అబ్బాయి ఉద్యోగం పర్మనెంటు!" అని ప్రకటించి, ఇక ప్రోగ్రాం మూసెయ్యమన్నాడు.

ప్రోగ్రామర్‌కు అప్పుడు గుర్తొచ్చింది, బకెట్ అడుగున ఏముందో.

"వద్దండీ, అలా ఉండనిద్దాం."

"కరెంటు దండగ," అంటూ మేనేజరే మూసేశాడు.

"మేనేజరు తలలో ఫ్యూజు ఎప్పుడో పోయింది" అంది బోర్డు.

బస్సు మెట్టెక్కబోతున్న పెద్దావిడ ఒకసారి బోర్డునీ, ఒకసారి మేనేజర్నీ చూసింది.

"ఇదీ సరిగ్గానే చెప్పింది నాయనా," అంది.

అబద్ధమంటే మేనేజరు మైకులో అన్న మాట పోతుంది, నిజమంటే తల పోతుంది. ఉద్యోగం మాత్రం నిలిచింది. ఆ పూటంతా బెల్లం కొట్టిన రాయిలా ఉన్నది మేనేజరే.