రావడం మంచిది

శనివారం ఉదయం తొమ్మిది గంటలకు, రష్యాలోని కినెష్మ అనే ఊళ్లో ఒక పంపుల ఫ్యాక్టరీ ఆవరణలో ఆకులు ఊడ్వడానికి డైరెక్టరు గెర్మన్ సావిచ్ ఒక్కడే వచ్చాడు. ఉద్యోగుల్లో ఒక్కరూ రాలేదు.

దీనికి మూలం గురువారం. ఆ ఉదయం ఇంగ్లీషు టీచరు ఇంగా వలేర్యనోవ్నా వేసుకున్న పథకం చిన్నది. సాయంత్రం ఫ్యాక్టరీ వాళ్లకు ఇంగ్లీషు పాఠం చెప్పాలి, మర్నాడు ఊరి బయటి తోట ఇంటికి వెళ్లాలి, శనివారం పొయ్యి కట్టించుకోవాలి. ఊళ్లో ఉన్న ఫ్లాటు కూతురికీ అల్లుడికీ ఇచ్చేసింది. ఇక చలికాలమంతా ఆ తోట ఇంట్లోనే. అక్కడ ఇల్లు వెచ్చబరిచే ఇటుక పొయ్యి బీటలు వారి, పొగను లోపలికీ వేడిని బయటికీ పంపుతోంది. పొయ్యిలు కట్టే ప్రోహర్ శనివారం వస్తానన్నాడు. ఆ రోజు తప్పితే మళ్లీ మంచు కరిగాకే.

"షుడ్ అంటే సలహా," అంది ఇంగా క్లాసులో. "వింటే వినొచ్చు, మానితే మానొచ్చు. మస్ట్ అంటే మానడానికి లేదు. మూడు నెలలుగా ఇదే చెబుతున్నాను!"

చీఫ్ అకౌంటెంట్ రుఫీనా కార్లొవ్నా చెయ్యెత్తింది. "మానితే ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యరు."

"ఎవరూ?"

"ఎవరూ!"

"అలాంటప్పుడు సలహా ఇవ్వడం దేనికండీ?" అన్నాడు స్టోర్ కీపర్ దెమ్యాన్. క్లాసంతా తలూపింది.

ఇంగా తలుపుకి అంటించిన నోటీసు పీకి బల్ల మీద కొట్టింది. 'శనివారం ఆవరణ శుభ్రం చేస్తాం. అందరూ రావడం మంచిది.' కింద డైరెక్టరు సంతకం.

"ఇది షుడ్డా, మస్టా?"

"మస్ట్," అంది క్లాసు ఒక్క గొంతుతో.

"తప్పక రావాలని ఎక్కడుంది ఇందులో?"

"సంతకం ఉంది కదా," అన్నాడు దెమ్యాన్.

ఇంగాకి ఒళ్లు మండింది. "ఉంటే ఉండనీ! నేను రాను. నాకు పొయ్యి పని ఉంది. మీరు కూడా రాకపోవడం మంచిది. అప్పటికైనా తేడా తెలిసొస్తుంది!"

క్లాసు మారు మాట్లాడకుండా రాసుకుంది.

శుక్రవారం పొద్దున్నే రుఫీనా తన సెక్షన్లో చెప్పింది. "రేపు రాకపోవడం మంచిదట."

"ఎవరన్నారు?"

"ఇంగ్లీషావిడ."

"ఆవిడకేం అధికారం?"

"అధికారం లేకుండానే అంత గట్టిగా అరుస్తుందా?"

మధ్యాహ్నానికి క్యాంటీన్లో సూపు చల్లారేలోపు కథ పెరిగింది. ఆ మాట ఆవిడ చేత అనిపించింది డైరెక్టరేనట, విదేశీ కొనుగోలుదార్లు వస్తున్నారట, రేపు వచ్చిన వాళ్ల మీద కన్నేసి ఉంచుతారట. ఒక వెల్డరు, తనకు ఊడ్వడం ఇష్టమనీ, వస్తాననీ అన్నాడు. దెమ్యాన్ అతని కాలరు పట్టుకున్నాడు.

"నీ ఒక్కడి వల్ల మా అందరికీ మాట రావాలా? రాకపోవడం మంచిదంటే అర్థం కాదురా నీకు? నోరు మూసుకుని, ఇష్టపూర్వకంగా ఇంట్లో కూర్చో!"

శనివారం డైరెక్టరు చీపురు చేత్తో పట్టుకునే రుఫీనాకి ఫోన్ చేశాడు.

"ఎక్కడ చచ్చారంతా?"

"ఇళ్లలోనే గెర్మన్ సావిచ్. చెప్పినట్టే."

"ఎవరు చెప్పారు?"

రుఫీనా ఇంగా పేరు చెప్పింది. ఫ్యాక్టరీ ఎదురుగానే రుఫీనా ఇల్లు. డైరెక్టరు కారెక్కడం, తోటల దారి పట్టడం, కారు కిటికీలోంచి చీపురు బయటికి పొడుచుకుని ఉండడం ఆమె చూసింది. వెంటనే దెమ్యాన్‌కి ఫోన్ చేసింది.

"ఒరే, కొంప మునిగింది. శుభ్రం చేసేది ఆవిడ తోటలోనట!"

తోట ఇంట్లో అప్పటికి పాత పొయ్యి కూల్చేశారు. కొత్త పొయ్యి లేదు. ప్రోహర్ సహాయకుడు రాత్రి తాగి, లేవలేదు.

"మట్టి తొక్కేవాడు లేడు, ఇటుకలు అందించేవాడు లేడు," అన్నాడు ప్రోహర్. "ఒక్క గంట చూస్తాను. తర్వాత నా దారి నాది."

"ఈ చలిలో గోడలు లేని పొయ్యితో నేనేం చెయ్యాలయ్యా?"

"కోటు వేసుకోండి."

మోచేతుల దాకా మట్టితో ఇంగా అతన్ని తిట్టడానికి నోరు తెరిచింది. గేటు ధనామని కొట్టుకుంది.

"ఇంగా వలేర్యనోవ్నా! నా జనాన్ని ఎగదోసింది మీరేనా?"

"నేను పాఠం చెప్పాను!"

"నా ఆవరణ ఖాళీ!"

"మంచిదని రాస్తే ఖాళీగానే ఉంటుంది! తప్పక రావాలని రాయడానికి మీకేం రోగం?"

"అలా రాస్తే సెలవు రోజుకి డబుల్ జీతం ఇవ్వాలి!" అని, డైరెక్టరు చుట్టూ చూశాడు.

"అరిచే ఓపిక ఉంది కదా, ఇటుకలు అందించు," అన్నాడు ప్రోహర్.

"నేను డైరెక్టర్ని!"

"ఒక చేత్తో కాదు. రెండు చేతులతో."

డైరెక్టరు రెండు చేతులతో అందించాడు.

ఇంతలో గేటు ముందు బస్సు ఆగింది. ముప్పై మంది చీపుర్లతో దిగారు. అందరి మొహాలూ కందగడ్డల్లా ఉన్నాయి.

"ఇదేం పద్ధతండీ?" రుఫీనా ఇంగా మీదకొచ్చింది. "అక్కడికి రావొద్దన్నారు, ఇక్కడికని ఒక్క ముక్క చెప్పలేదు! అన్నీ మేమే కనుక్కోవాలా?"

"మిమ్మల్ని ఎవరు రమ్మన్నారసలు?"

"ఎవరూ రమ్మనలేదు. అందుకే భయమేసింది."

అందర్నీ తిట్టి పంపేద్దామని ఇంగా ఊపిరి పీల్చుకుంది. మట్టి కుప్ప వంక చూసింది. వెళ్లిపోవడానికి టోపీ పెట్టుకుంటున్న ప్రోహర్ వంక చూసింది.

"ఆ మట్టి ఎవరైనా తొక్కితే... మంచిది," అంది.

ఎనిమిది మంది బూట్లతో దిగారు. మిగతావాళ్లు ఇటుకలకు వరసగా నిలబడ్డారు. ప్రోహర్ అందర్నీ ఒక్కలాగే తిట్టాడు. చీకటి పడే వేళకు పొయ్యి లేచింది. గుప్పెడు పుల్లలు వెలిగిస్తే పొగ గొట్టంలోంచి పోయింది, గదిలోకి రాలేదు.

టీ తాగుతూ ఇంగా కంచె వైపు చూసింది. "ఆ పక్క ఆకులు కూడా ఊడిస్తే బాగుంటుంది. తప్పనిసరేం కాదు."

ఊడ్చేశారు. డైరెక్టరు కూడా ఊడ్చాడు.

ఫ్యాక్టరీ ఆవరణలోని ఆకుల మీద మంగళవారం మంచు పడింది.