మహారాణి మైరావతీదేవి ఖడ్గం

మన ప్రాంతాన్ని ఆరువందల ఏళ్ల కిందట ఒక మహారాణి ఏలిందనీ, ఆమె పేరు మైరావతీదేవి అనీ, చరిత్రకారులు ఇంతకాలం ఆమెను కుట్రపూరితంగా దాచిపెట్టారనీ మెట్ట ప్రాంత వారసత్వ పునరుద్ధరణ మండలి చైర్మన్ వరప్రసాదరావు గారు నందిగామలో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. ప్రకటించేటప్పుడు ఆయన గొంతు గద్గదమైంది. టిఫిన్లు అప్పటికే అయిపోయాయి కాబట్టి విలేకరులు కూడా శ్రద్ధగా విన్నారు.

ఈ మండలి గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పోయిన ఎన్నికల్లో వరప్రసాదరావు గారు తనకు రాని టికెట్‌ని త్యాగం చేశారు. ఆ త్యాగానికి గుర్తింపుగా మండలి పుట్టింది. దానికి ఒక కారు, ఇద్దరు గన్‌మెన్లు, ఏసీ ఉన్న ఆఫీసు ఉన్నాయి. వారసత్వం మాత్రం లేదు. పని చేయకుండా ప్రభుత్వ కారెక్కడానికి మనసొప్పని మనిషి ఆయన. పునరుద్ధరించడానికి ఏదైనా దొరక్కపోతుందా అని ఏడాదిగా ఆ కారులోనే తిరుగుతూ వెతుకుతున్నారు.

"ఆ తల్లి కుడి కంటికి గుడ్డ కట్టుకుని, మునేటి రేవులో ఒంటరిగా నిలబడి, వెయ్యిమంది శత్రువుల్ని ఆపింది! ఆమె ఖడ్గం, కవచం మా తవ్వకాల్లో బయటపడ్డాయి. ఇయ్యిగో!" అని చైర్మన్ గారు పట్టుగుడ్డ తొలగించారు.

అదే సమయానికి నందిగామలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో, లెక్కల లెక్చరర్ సూసన్ ఈ దృశ్యాన్ని ఫోన్‌లో లైవ్ చూస్తోంది. "కుడి కన్ను కాదు, ఎడమ కన్ను!" అని గట్టిగా అరిచింది. కెమిస్ట్రీ మేడం ఉలిక్కిపడింది. ఆ తర్వాత గానీ సూసన్‌కి రెండో విషయం తట్టలేదు. ఆ కత్తి తనది.

మైరా అనేది 'సెవెన్ ఫోర్ట్స్' అనే వీడియో గేమ్‌లో ఒక పాత్ర. సూసన్ ఆ ఆటను పెళ్లికి ముందునుంచీ ఆడుతోంది. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చి పిల్లలకు త్రికోణమితి చెప్పే ఈ మేడం, ఆన్‌లైన్‌లో 'రేవు కాపలా' అనే దళానికి నాయకురాలని కాలేజీలో ఎవరికీ తెలియదు. బ్రెజిల్ నుంచి భీమడోలు దాకా ఆ దళంలో సభ్యులున్నారు. మైరా బొమ్మలు గీయడం, మైరా మీద కథలు రాయడం, మైరా కంటే ఇంకో పాత్ర గొప్పదన్నవాళ్లతో మాటలు మానేయడం వాళ్ల దినచర్య. నెల్లూరులో ఉన్న ప్రాణస్నేహితురాలితో సూసన్ ఆర్నెల్లుగా మాట్లాడటం లేదు. ఆ అమ్మాయి అదే ఆటలోని విలుకాడి పార్టీలోకి మారింది. అభిమానం అంటే ఏమిటో తెలిసిన మన ప్రాంత ప్రజలకు దీన్ని ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.

ఆ కత్తి, కవచం సూసన్ స్వయంగా చేసింది. జిమ్ముల్లో నేలమీద పరిచే ఫోమ్ మ్యాట్లు కొని, కోసి, వేడిచేసి వంచి, అతికించి, వెండి రంగు వేసి, దెబ్బలు తిన్నట్టు అక్కడక్కడా మసి పూసింది. వేళ్లు కాల్చుకుంది. సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ అయిన ఆమె భర్త రత్నబాబు వీధి గుమ్మంలో కూర్చుని, "ఏంటన్నా ఈ వాసన?" అని అడిగినవాళ్లకల్లా "మా ఆవిడ యుద్ధానికెళ్తందండి" అని చెప్పేవాడు.

యుద్ధం హైదరాబాదులో. ఆ ఆట అభిమానులంతా వేషాలు వేసుకుని ఒకచోట చేరే పండగ అది. అందులో గెలిచిన వేషాన్ని కంపెనీవాళ్లు ఆటలోకే తీసుకుంటారు. అంటే, ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఆడినా, ఇకమీదట మైరా ఒంటిమీద ఉండేది జగ్గయ్యపేటలో తయారైన కవచం. సూసన్‌కి జీవితంలో ఇంతకంటే పెద్ద కోరిక లేదు. పిల్లలకు ర్యాంకులు రావాలని కోరుకుంటుంది గానీ, అది ఉద్యోగం.

పోటీకి పంపాల్సిన ఫొటోల కోసం ఒక ఆదివారం మునేరు నది ఒడ్డున వేషం కట్టింది. రత్నబాబు థర్మకోల్ షీటు పట్టుకుని ముఖం మీదికి వెలుగు కొట్టాడు. ఆ ఫొటో చేతులు మారి మారి, చైర్మన్ గారి అనుచరుడు, యువజన విభాగం నాయకుడు నవీన్‌బాబు ఫోన్‌లోకి చేరింది. మరుసటి రోజే అతను ఇంటికొచ్చాడు.

"ఈ అమ్మవారు ఎవరండీ మేడం?"

"అమ్మవారు కాదు బాబూ, మైరా."

అంతే, ఆమెను ఆపేవాళ్లు లేకపోయారు. మైరా పుట్టుక, పగ, రేవు దగ్గరి పోరాటం, కంటికి తగిలిన బాణం అన్నీ చెప్పింది. అన్నేళ్లలో మొగుడు తప్ప ఆమె మాట అంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకొకరు లేరు. నవీన్‌బాబు రికార్డు చేసుకున్నాడు కూడా. "చైర్మన్ గారికి కళలంటే ప్రాణమండి. ఒక్కసారి చూసి పంపించేస్తారు" అంటే, పొంగిపోయి కత్తీ కవచం అట్టపెట్టెలో పెట్టి తనే ఆటో ఎక్కించింది. ఆ పొంగు తల్చుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ప్రెస్‌మీట్ అయిన సాయంత్రమే మండలి ఆఫీసుకు వెళ్లింది. చైర్మన్ గారు లేచి నిలబడి మరీ నమస్కారం పెట్టారు. పక్కన మండలి సలహాదారు, రిటైర్డ్ చరిత్ర ప్రొఫెసర్ కూర్చుని ఉన్నారు.

"సార్, అది నేను చేసిందండి. జిమ్ మ్యాట్‌తో."

"తెలుసమ్మా. టీ తీసుకోండి."

"తెలిసీ తవ్వకాల్లో దొరికిందని ఎట్టా చెప్పారండీ?"

"నవీన్‌బాబూ, ఇది నీకెక్కడ దొరికిందయ్యా?"

"జగ్గయ్యపేటలో సార్. మేడం గారు మంచం కింద నుంచి, దుప్పట్లన్నీ లాగి, బయటికి తీశారండి."

"విన్నారుగా. సైంటిఫిక్‌గా దాన్ని తవ్వకమే అంటారు" అన్నారు చైర్మన్ గారు. ప్రొఫెసర్ గారు తల ఊపారు.

సూసన్ ఓపిక పట్టింది. "మైరా ఆటలో బొమ్మండి. నిజం మనిషి కాదు."

"ఆటలో బొమ్మే. కానీ ఆ ఆట తయారుచేసినోళ్లకి ఆవిడ సంగతి ఎట్టా తెలిసింది? అదీ నా ప్రశ్న. మన చరిత్ర ఎత్తుకెళ్లి, రంగులేసి, తిరిగి మనకే అమ్ముతన్నారమ్మా. మీకు రక్తం మరగట్లా?"

సూసన్ ఫోన్ తీసి, కత్తిని కోసిన దగ్గర్నుంచి రంగు వేసేదాకా తీసుకున్న వీడియో చూపించింది. ప్రొఫెసర్ గారు కళ్లజోడు సవరించుకుని మొత్తం చూశారు. "అద్భుతం. అచ్చం ఆనాటి పద్ధతే" అన్నారు. తర్వాత కత్తిని చేతిలోకి తీసుకుని చైర్మన్ గారివైపు తిరిగారు. "బరువు చూడండి సార్, పావుకిలో ఉండదు. ఆ రోజుల్లోనే లైట్‌వెయిట్ టెక్నాలజీ! అందుకే వెయ్యిమందిని ఆపగలిగింది."

"పోటీ దగ్గరికొచ్చిందండి. నా వస్తువులు నాకిప్పించండి" అంది సూసన్.

"బైపాస్ దగ్గర రాణీగారి విగ్రహం పెడతన్నాం, ఆ ఆవిష్కరణ కానీయండమ్మా. ఆ మర్నాడే మీ ఇంటికి పంపిస్తా. నా మాట మీద నమ్మకం లేదా?" అన్నారు చైర్మన్ గారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పేటంత మర్యాద తక్కువ మనిషి కాదు సూసన్.

ఈలోగా ప్రజలు మేల్కొన్నారు. మైరావతీదేవి పుట్టింది జగ్గయ్యపేటలో అనీ, పోరాడింది మునేరులో కాదు పాలేరులో అనీ ప్రతిపక్ష నాయకుడు వీరేంద్ర హైవే మీద బైఠాయించారు. లారీలు బారులు తీరాయి. రాణీగారు పొద్దున పాలేరులోనూ, భోజనం చేసి సాయంత్రం మునేరులోనూ పోరాడినట్టు అఖిలపక్షం ఏకగ్రీవంగా తీర్మానించాక గానీ ట్రాఫిక్ కదల్లేదు. ఆటలో అది మంచు గడ్డకట్టిన నది అని సూసన్ ఒక విలేకరికి చెప్పింది. ఆయన రాసుకోలేదు.

రాష్ట్ర సరిహద్దు అవతలివాళ్లు కూడా రాణీగారు తమ మనిషేనని అనడంతో విషయం చెయ్యి దాటింది. రాణీగారికి సంబంధించిన పూచికపుల్ల కూడా రాష్ట్రం దాటడానికి వీల్లేదని చైర్మన్ గారు హెచ్చరించారు. సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టులో నిఘా పెంచారు.

విగ్రహం పరిటాలలోని నూటముప్పై అయిదడుగుల ఆంజనేయస్వామి కంటే ఒక్క అడుగు తక్కువ ఉంటుందని మొదట ప్రకటన వచ్చింది. దేవుడితో పోటీపడటం చైర్మన్ గారికి ఇష్టం లేదు. బడ్జెట్‌లో కొన్ని సర్దుబాట్లు జరిగాక విగ్రహం ఒక చిన్న ట్రాలీ ఆటోలో వచ్చింది. శిల్పి ఆ మునేటి ఒడ్డు ఫొటో చూసి చెక్కాడు కాబట్టి ముఖం అచ్చుగుద్దినట్టు సూసన్‌దే. చూసినవాళ్లందరికీ నచ్చింది. రాణీగారు తమ ఇంటి ఆడపడుచని ఫ్లెక్సీలు కట్టిన ఒక సంఘం పెద్ద, "మా మేనత్త పోలికే" అన్నారు. పోటీగా ఫ్లెక్సీలు కట్టిన ఇంకో సంఘం పెద్ద, "ఆ ముక్కు మా నాయనమ్మదే" అని కళ్లొత్తుకున్నారు.

ఇంతకీ ఫొటోలో ఉన్నది ఎవరని ఎవరో అడిగారు. నవీన్‌బాబు పేరు చెప్పాడు. ఇంటిపేరు, పేట కూడా చెప్పాడు. మేనత్త పోలిక చెప్పినాయన విగ్రహం దగ్గర్నుంచి రెండడుగులు పక్కకు జరిగారు. మన పెద్దలు సంస్కారవంతులు, ఒక్క మాట తప్పుగా అనలేదు. "ముఖంలో రాజసం కాస్త తక్కువైందేమో" అన్నారు మేనత్త గారి మేనల్లుడు. అందరికీ సరిగ్గా అదే అనిపించిందట. శిల్పిని పిలిపించి ముక్కు, బుగ్గలు, పెదాలు మళ్లీ చెక్కించారు. రాజసం వచ్చింది.

విషయం సూసన్ దాకా వచ్చింది. ఆమెకు కోపం వచ్చింది, అవమానం కలిగింది, అవి రెండూ కొత్తవి కాకపోవడం వల్ల ఇంకా కోపం వచ్చింది. "ముఖం వాళ్లకే వదిలేద్దాం. కత్తి తెచ్చుకుందాం" అన్నాడు రత్నబాబు.

ఆవిష్కరణ రోజు బైపాస్ దగ్గర జనం విరగబడి వచ్చారు. బిర్యానీ పొట్లాలు మీటింగ్ అయ్యాకే ఇస్తామని ముందే చెప్పడంతో ఎవరూ కదల్లేదు. దంపతులిద్దరూ బారికేడ్ దగ్గర నిలబడ్డారు. చైర్మన్ గారు రాణీగారి ఖడ్గాన్ని ఒర నుంచి దూసి ఆకాశానికెత్తారు.

"ఈ ఖడ్గం సాక్షిగా..."

మధ్యాహ్నపు ఎండలో జిమ్ మ్యాట్ మెత్తబడింది. ఖడ్గం మెల్లగా వంగి, చైర్మన్ గారి నెత్తిమీదుగా వచ్చి, ఆయన ముక్కును తాకింది.

సూసన్ మునివేళ్ల మీద లేచి చూసింది. ఇక అయిపోయింది, అందరూ చూశారు, ఇవాళే నా కత్తి నాకిచ్చేస్తారు అనుకుంది. సంతోషం పట్టలేక మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చైర్మన్ గారు కత్తి దించలేదు. కళ్లనిండా నీళ్లు తెచ్చుకున్నారు. "చూశారా! శత్రువు ముందు ఏనాడూ వంగని ఖడ్గం, ప్రజల ముందు తలవంచి నమస్కారం పెడతంది!"

చప్పట్లు, ఈలలు ఆగలేదు. ఆడవాళ్లు చేతులెత్తి దణ్ణం పెట్టారు. బారికేడ్ దగ్గరున్న రత్నబాబు కూడా కాస్త తడబడి చప్పట్లు కొట్టబోతే సూసన్ మోచేత్తో పొడిచింది.

మర్నాడు ఆఫీసుకు వెళితే ఖడ్గం, కవచం గాజుపెట్టెలో ఉన్నాయి. పెట్టెకు తాళం, తాళానికి సీలు, సీలుకు కాపలా. "ఇప్పుడవి ప్రజల ఆస్తి మేడం. ప్రజలు ఇచ్చెయ్యమంటే ఈ క్షణంలో ఇచ్చేస్తా" అన్నారు చైర్మన్ గారు. ఆమె కూడా ప్రజల్లో ఒకరేనన్న సంగతి ఆయనకు ఎవరూ గుర్తుచేయలేదు.

సూసన్ కాలేజీకి సెలవు పెట్టింది. మళ్లీ మ్యాట్లు కొంది. ఈసారి రత్నబాబు కూడా కోశాడు, వేళ్లు కాల్చుకున్నాడు. కొత్త కవచం పాతదానికంటే బాగా వచ్చింది. కత్తి పిడిమీద చెక్కడం చూసి బ్రెజిల్‌లోని దళం సభ్యురాలు ఏడ్చినంత పని చేసింది. నెల్లూరు స్నేహితురాలు ఆర్నెల్ల పంతం వదిలి, "గెలుస్తావే" అని మెసేజ్ పెట్టింది.

పోటీ రోజు పొద్దున్నే హైదరాబాదు బస్సెక్కారు. గరికపాడు చెక్‌పోస్టులో పోలీసులు బస్సు ఆపారు. బాలస్వామి అనే కానిస్టేబుల్ పైకొచ్చి, సూసన్ ఒళ్లో ఉన్న పొడుగాటి మూట విప్పించాడు. కత్తి చూసి ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"ఇది మీ దగ్గరికెట్టా వచ్చిందమ్మా?"

"నేనే చేశానండి. బొమ్మ కత్తి. నాటకాల్లో వాడే సామానులాంటిది. కావాలంటే పట్టుకు చూడండి."

బాలస్వామి రెండు చేతులతో అందుకున్నాడు. బరువు చూశాడు. కొస పట్టుకుని మెల్లగా వంచాడు. అది వంగింది. వదిలితే మళ్లీ నిలబడింది. అతని ముఖం పాలిపోయింది.

"మొన్న ఆవిష్కరణకి బందోబస్తు డ్యూటీ నాదేనమ్మా. అసలుది నా కళ్లారా చూశా. అచ్చం ఇట్టాగే వంగింది."

"అది కూడా నేను చేసిందేనండీ! జిమ్ మ్యాట్ అండీ అది!"

"మాకు మాటలు చెప్పబాకండి. ఇదే ఇనప కత్తి అయితే డూప్లికేటని ఇప్పుడే వదిలేసేవోణ్ణి" అన్నాడు బాలస్వామి.

బూట్లు విప్పి, భుజం మీది తువ్వాలు సీటు మీద పరిచి, ఖడ్గాన్ని దానిమీద పడుకోబెట్టాడు. వెనక సీట్లవాళ్లు లేచి వరసగా వచ్చి కళ్లకద్దుకున్నారు. డ్రైవర్ ఇంజను ఆపి చెప్పులు విడిచాడు. హైదరాబాదులో వేషాల వరస ఈపాటికి మొదలయ్యే ఉంటుంది. సూసన్ ముందు సీటుకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

బాలస్వామి మనసు కరిగింది. వంగి, ఎంతో మెల్లగా అన్నాడు:

"ఏడవండమ్మా, పర్లేదు. మా ఆవిడ కూడా విగ్రహం ముందు నిలబడి ఇట్టాగే ఏడిచింది. ఆ తల్లిని నమ్మినోళ్లకి అంతే, ఆగదు."