మచ్చ లేని సరుకు, మరక లేని వాగు

ఒక పెద్ద అడవిలో వాగు పొడుగునా రెల్లుగడ్డి, రెల్లును ఆనుకుని ఈతచెట్లు, ఈతచెట్ల నిండా గిజిగాళ్ళు అల్లిన గూళ్ళు ఉండేవి. ఆ గూళ్ళన్నీ వాళ్ళు కాపురం ఉండటానికి కాదు. కొండ అవతలి అడవిలో రెల్లు లేదు, అక్కడి పిచ్చుకలకు అల్లడం చేతకాదు. అందుకని వాళ్ళు ఇక్కడి గూళ్ళు పట్టుకెళ్ళి, బదులుగా చోళ్ళూ కొర్రలూ పంపేవాళ్ళు.

గూడు కొండ దాటాలంటే ముందు నూకాలమ్మ ముక్కు కిందికి రావాలి. నూకాలమ్మ గిజిగాడి పెట్ట. వయసు మీరింది, ఒక కన్ను కాస్త మసక. అయినా గూట్లోకి దూరి, గోడను ముక్కుతో మూడుసార్లు లాగి, అడుగున కాళ్ళు తన్నిపెట్టి ఊగేది. నిలిస్తే ద్వారం పక్కన తడిమట్టి బొట్టు పెట్టేది. నిలవకపోతే కోసి కింద పారేసేది. నాలుగింట ఒకటి కింద పడేది.

"ఇది పెట్టా, రాకాసా!" అని మగ గిజిగాళ్ళు సణిగేవాళ్ళు. ఆమె మొగుడు సన్నాసి అల్లినవి కూడా అప్పుడప్పుడూ కింద పడేవి. ఆ రోజు వాళ్ళింట్లో మాటలుండేవి కావు.

ఇలా ఉండగా పెద్దపులి మహారాజు తూర్పున ఉన్న పక్క అడవికి విందుకు వెళ్ళొచ్చాడు. వచ్చీ రాగానే సభ పెట్టించాడు.

"అక్కడ రోజుకు వెయ్యి గూళ్ళట! మనకి ముప్ఫై. నాకు తల కొట్టేసినట్టయింది" అన్నాడు.

కార్యదర్శి జంబూరావు అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆయన నక్క. "ఏలినవారి ఆలోచన అమోఘం" అన్నాడు.

"నేనింకా ఏమీ చెప్పలేదు."

"చెప్పబోయేది, మహారాజా."

చెప్పబోయేది జంబూరావే చెప్పాడు. సరుకు పదింతలు పెరగాలి. ఒక్క గూట్లోనూ లోపం ఉండకూడదు. వాగులో ఒక్క చేపకు తుమ్ము కూడా రాకూడదు. పథకానికి పేరు 'మచ్చ లేని సరుకు, మరక లేని వాగు'. సభ దద్దరిల్లింది. చప్పట్లకు చేతులు లేనివాళ్ళు తోకలు నేలకేసి కొట్టారు.

గూళ్ళ పని మొత్తం గుంపస్వామి అనే కొండముచ్చుకి అప్పగించారు. గూడు అల్లడం మాట అటుంచి, అతను పుట్టి బుద్ధెరిగాక గూట్లో పడుకోనైనా లేదు. కానీ జంబూరావుకి కావలసినవాడు.

గుంపస్వామి పనిమంతుడే. రెల్లు కోస్తే ఆలస్యమవుతుందని వేళ్ళతో సహా పీకించాడు. పచ్చిరెల్లు గట్టిగా ఉండి ముడి త్వరగా పడటం లేదని వాగు పక్కన పెద్ద గొయ్యి తవ్వించి, అందులో జెముడుపాలు పోయించి, రెల్లును నానబెట్టించాడు. రెల్లు మైనంలా మెత్తబడింది. గొయ్యిలో నీళ్ళు నల్లబడితే వాగులోకి వదిలేసి కొత్తవి పట్టించాడు. పదిహేను రోజులకి ఒక గూడు అల్లే గిజిగాడు పూటకి రెండు అల్లసాగాడు.

మొదటి రోజు నూకాలమ్మ ముందుకి నలభై గూళ్ళు వచ్చాయి. ఒక్కో గోడను ఒక్కసారి లాగింది. రెండోసారి లాగడానికి గోడ మిగల్లేదు. సాయంత్రానికి నలభై గూళ్ళూ నేల మీద ఉన్నాయి.

గుంపస్వామి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, మీరు లాగుతున్నారు!"

"లాగకపోతే ఎలా తెలుస్తుంది?"

"లాగుతున్నారు కాబట్టే తెగుతున్నాయి! గూట్లో ఉండే పిచ్చుక గోడను లాగుతుందా?"

"పిచ్చుక లాగదయ్యా. గాలి లాగుతుంది."

మర్నాడు జంబూరావే స్వయంగా వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "నూకాలమ్మగారూ, పథకం రాకముందు అడవిలో రోజుకి ఏడెనిమిది లోపాలు. వచ్చాక నలభై. అన్నీ మీ దగ్గరే బయటపడుతున్నాయి. లోపం ఎక్కడుందో ఒక్కసారి ఆలోచించండి."

నూకాలమ్మ ఆలోచించేలోగా ఆమెకు పెద్ద పదవి వచ్చింది. 'మహా నాణ్యతా సలహాదారు.' కొండకొమ్మున ఎండిన మద్దిచెట్టు మీద ఆఫీసు.

"అక్కడికి గూళ్ళు వస్తాయా?" అని అడిగింది.

"గూళ్ళు రావు. మీ కీర్తి వస్తుంది" అన్నాడు జంబూరావు.

మట్టి బొట్టు బాధ్యత గుంపస్వామి తీసుకున్నాడు. పదివేళ్ళూ బురదలో ముంచి ఒకేసారి పది గూళ్ళకు బొట్లు పెట్టేవాడు. పని ఎక్కువైన రోజు కాళ్ళూ తోకా కూడా వాడేవాడు.

ఆ వారం నూకాలమ్మ మొగుణ్ణి నిలదీసింది. "ఏమయ్యా, ఆ గూట్లో నన్ను గుడ్డు పెట్టమంటే పెట్టనిస్తావా?"

సన్నాసి తల తిప్పుకున్నాడు. "పెట్టేది నువ్వు కాదు కదే! అందరూ అల్లుతున్నారు, నేనూ అల్లుతున్నాను. అల్లనంటే నా కొమ్మ ఇంకొకడికి ఇస్తానన్నాడు ఆ గుంపస్వామి. ఈ వయసులో ఏ చెట్టు పట్టుకుని వేలాడమంటావు?"

ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. మొగుడి ముక్కు చివర జెముడుపాలకి బొబ్బలెక్కి ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది.

వాగు సంగతి చూడటానికి వరహాలు అనే అడవిపందిని వేశారు. చేపలు వెల్లకిలా తేలుతున్నాయని నూకాలమ్మ చెప్పబోతే, అతను ఆ బురదలోనే పొర్లుతూ కళ్ళు సగం తెరిచాడు.

"చేపలు విశ్రాంతి తీసుకుంటున్నాయమ్మా. ఇంతకుముందు వాటికి ఆ తీరిక ఉందా?"

"నీళ్ళు నల్లగా ఉన్నాయి, కనబడటం లేదా?"

"అది మీ కంటి మసక. నేను రోజూ పరీక్ష చేస్తున్నాను."

నిజమే, చేస్తున్నాడు. కొండకొమ్మున, వాగు పుట్టే ఊట దగ్గర చేస్తున్నాడు. నూకాలమ్మ ఆఫీసు ఆ పక్కనే. రోజూ పొద్దున్నే వచ్చి, ఊట నీళ్ళు కడుపునిండా తాగి, 'వాగు నిర్మలం' అని రాజుకి కబురు పంపి, కిందికి దిగిపోయేవాడు.

తొలకరి పడింది. గూళ్ళ సంఖ్య వెయ్యి దాటిందని రాజుగారు గుంపస్వామికి బంగారు రంగు ఆకు తగిలించే రోజు అదే. ఆ పొద్దున కొండ దాటి ఒక పిచ్చుక వచ్చి, అలసిపోయి నూకాలమ్మ కొమ్మ మీదే వాలింది. పేరు చిట్టెమ్మ. రెక్కలు తడిసి ఒంటికి అతుక్కున్నాయి. ముక్కున చిరిగిన గూడు ముక్క ఉంది. దాని మీద మట్టి బొట్టు ఉంది.

"మూడు గుడ్లమ్మా" అంది చిట్టెమ్మ. "మొదటి వానకే అడుగు ఊడిపోయింది. బొట్టు చూసే తీసుకున్నాను. బొట్టుంటే నూకాలమ్మ అనే ఆవిడ లాగి చూసినట్టని మా అమ్మ చెప్పేది. ఆవిడ ఎక్కడుంటుంది?"

నూకాలమ్మ ఆ బొట్టును ముక్కుతో తడిమింది. "నేనే తల్లీ" అంది. "నేను చూడలేదు."

ఇద్దరూ కలిసి సభలో దిగారు. చిట్టెమ్మ గూడు ముక్కను రాజు కాళ్ళ ముందు పెట్టి, జరిగింది చెప్పింది. ఒక్క గూడు కాదు, కొండవాలంతా ఊడి పడ్డాయంది.

జంబూరావు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ గూడు ఎండలో తయారైంది. మీరు వానలో వాడారు. ఇది వాడకంలో లోపం."

"గుడ్లు మరీ బరువేమో కూడా చూడాలి" అన్నాడు గుంపస్వామి. సభలో నవ్వులు లేచాయి.

నవ్వులు ఆగకముందే వెనక కొమ్మ మీంచి సన్నాసి ఎగిరొచ్చి ముక్క పక్కన వాలాడు. తల వంచి దాన్ని దగ్గరగా చూశాడు.

"ఈ ముడి నాది" అన్నాడు.



"అందరి ముడీ కుడికి తిరుగుతుంది. నా ముక్కు కొన విరిగింది, నాది ఎడమకి తిరుగుతుంది. వేసేటప్పుడే తెలుసు ఇది నిలవదని. ఇక్కడ అల్లిన ప్రతివాడికీ తెలుసు. రెల్లు కుళ్ళబెట్టి ఇచ్చారు, మేం అల్లాం. తప్పు చేశామమ్మా" అని చిట్టెమ్మ ముందు తల నేలకి ఆనించాడు.

నూకాలమ్మ వెళ్ళి అతని పక్కన నిలబడింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మొగుడి మీద అంత గౌరవం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

రాజు ముఖం విప్పారింది. "అయితే లోపం ఎవరిదో దొరికినట్టేగా, జంబూరావ్!"

"దొరికింది మహారాజా. ఒప్పుకున్నాడు కూడా."

సన్నాసికి అడవి బహిష్కారం. మహా నాణ్యతా సలహాదారు పదవిలో ఉండి లోపాన్ని సభకెక్కించినందుకు నూకాలమ్మకూ అదే శిక్ష. ఆ వెంటనే గుంపస్వామికి ఆకు తగిలించారు.

ముసలి దంపతులు చిట్టెమ్మ వెంట కొండవైపు ఎగిరారు. కాసేపటికి ఈతచెట్ల మీంచి ఇంకో గిజిగాడు లేచాడు. ఆ తర్వాత నలుగురు. పొద్దు వాలేసరికి వాగు ఒడ్డున అల్లడం తెలిసిన ముక్కు ఒక్కటీ మిగల్లేదు. పోతూ పోతూ వాగు తొలి మలుపులో, గుంపస్వామి వాళ్ళు ఇంకా పీకని నాలుగు రెల్లు దుబ్బులు వేళ్ళతో సహా పట్టుకుపోయారు. అవతల ఒక తడి లోయలో నాటుకున్నారు. దుబ్బులు వేరుపట్టి, పెరిగి, అల్లడానికి పనికొచ్చేసరికి ఏడాది పట్టింది. అందాకా చిట్టెమ్మ వాళ్ళ చోళ్ళే తిన్నారు.

ఇవతల నెల తిరిగేసరికి జంబూరావు నివేదిక చదివాడు. "ఈ నెల గూళ్ళలో లోపాలు సున్నా, మహారాజా."

"శభాష్! గూళ్ళెన్ని?"

"అవీ సున్నాయే."

రాజు ఇంకా ఏదో అడగబోయి కడుపు పట్టుకున్నాడు. నాలుగు రోజులుగా వేట దొరకలేదు. నల్లనీళ్ళు తాగలేక జింకలు మందలు మందలుగా కొండ దాటిపోయాయి.

"జింకలేవీ?"

"మన అడవి నుంచి ఇంత పెద్ద ఎత్తున ఎగుమతి ఎప్పుడూ జరగలేదు మహారాజా" అన్నాడు జంబూరావు.

అప్పుడే వరహాలు 'వాగు నిర్మలం' అని చెప్పడానికి సభలోకి వచ్చాడు. రాజు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. కొవ్వు పట్టి, నున్నగా ఉన్నాడు. చెప్పవలసినది సగం చెప్పేలోపే రాజు అతని మీద పడ్డాడు. నెలల తరబడి జెముడుపాల బురదలో ఊరిన మాంసం అది. మూడు రోజులు పులి లేవలేదు. ఆ గొడవలో గుంపస్వామి పక్క అడవికి చేరి, అక్కడ గూళ్ళ నిపుణుడిగా కుదురుకున్నాడు.

నాలుగో రోజు రాజు నీరసంగా కళ్ళు తెరిచాడు. ఎదురుగా జంబూరావు నిలబడి ఉన్నాడు. చేతిలో కొత్త పథకం ఉంది.

నీతి: రాజ్యంలో లోపం లేకుండా పోవాలంటే, దాన్ని చూడగలిగినవాళ్ళని ముందుగా పొలిమేర దాటించాలి.