నలభై రెండు నిచ్చెనల ఊరు

ఇకమీదట కృష్ణమ్మ ఊర్లకు రావాలంటే ముందుగాల మండలాఫీసుకు కబురు పంపి, వాళ్లు సరేనన్నాకనే రావాల్నంట. ఈ ముచ్చట లలితమ్మకు సర్పంచు ఇంట్ల బాసన్లు తోమే ఆమె చెప్పింది, లలితమ్మ జములమ్మకు చెప్పింది, జములమ్మ గోడ మీదుగా పక్కింటి నాగేంద్రమ్మ చెవిలో వేసింది.

"ఇంటింటికి సామాన్లిస్తరంట అక్కా. వరదొచ్చినా మనకేం గాదంట."

"తాగనీకె నీళ్లు లేకపాయె, వరద యాడికెంచి వస్తదే?" అని నాగేంద్రమ్మ పల్లికాయ చెరుగుకుంటూ కూర్చుంది.

ముచ్చటలో సగం నిజమే. 2009 ఎండాకాలంలో గద్వాల దగ్గరి ఏటిగట్టుపల్లె, నలభై రెండు గడపల ఊరు, 'గృహ సంసిద్ధత కార్యక్రమం' కింద ఎంపికైంది. అదే వారం మండలాన్ని కరువు మండలంగా ప్రకటించిన కాగితం కూడా వచ్చింది. రెండు కాగితాలూ ఒకే జీపులో, ఒకే ఫైలులో వచ్చాయి గనుక వాటి మధ్య తగాదా ఏమీ రాలేదు.

వరద ఎట్లుంటుందో జనానికి తెలియాలని డ్రిల్లు పెట్టారు. నీళ్ల కోసం గద్వాల నుంచి ట్యాంకరు తెప్పించారు. ట్యాంకరు కనబడగానే జనం ఉరికిన మాట వాస్తవం. కాకుంటే మిట్ట మీది బడి దిక్కు కాదు, బిందెలు పట్టుకొని ట్యాంకరు దిక్కు. ఎనిమిది నిమిషాల్లో ఊరంతా ఒక్కచోటికి చేరిందని అధికారులు గడియారం చూసి మరీ రాసుకున్నారు.

తర్వాత ఇంటికో తాడు, టార్చి, విజిలు, కప్పుకునే పట్టా పంచారు. తాళ్లు బర్రెల మెడలకెక్కాయి. టార్చి సెల్లులు రేడియోల్లోకి పోయాయి. విజిళ్లను పిల్లలు మూడు దినాలు ఊదితే, నాలుగో దినం తల్లులు గుంజుకొని పొయ్యిలో వేశారు. పరికరాలన్నీ నూటికి నూరుపాళ్లు వినియోగంలోకి వచ్చినట్టు నివేదిక పోయింది.

ఒక్క నిచ్చెన మాత్రం సర్కారు ఇయ్యలేదు. ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. వరదొస్తే గింజలు మిద్దె మీదికెక్కించి పట్టా కప్పాలి, మనుషులు బడికి నడవాలి, ఇదీ పద్ధతి. ఊళ్లో ఉన్న నిచ్చెన ఒకటే, నాగేంద్రమ్మది. ఆమె పెనిమిటి బతికుండగా మన్ననూర్ దిక్కు నుంచి వెదురు తెచ్చి కట్టినది. మిరపకాయలు ఆరబోయాలన్నా, వాన కారితే మట్టి కప్పాలన్నా ఊరంతా దాన్నే అడుగుతుంది, పని కాంగనే తెచ్చి ఆమె గోడకు ఆనిస్తుంది. అందుకే ఇంకో నిచ్చెన చేయించాలన్న ఆలోచన ఎన్నడూ ఎవరికీ రాలేదు.

తనిఖీకి మండలాఫీసు నుంచి దినేష్ సారు వచ్చాడు. సారు ముందు వాకిలి నుంచి వస్తుంటే, నిచ్చెన ఇద్దరు మొగోళ్ల భుజాల మీద వెనక దొడ్ల నుంచి వచ్చింది. నిచ్చెన చేరేదాకా ప్రతి ఇంట్లో సారుకు మజ్జిగ పోశారు. పదకొండో ఇంటికి సారు బెల్టు వదులు చేశాడు. ఇరవయ్యో ఇంటికి వాకిట్లోంచే చూసి టిక్కు పెట్టాడు. ప్రతి ఇంట్లో ఒకరు 'మా నిచ్చెనే' అని సంతకమో వేలిముద్రో వేశారు. నాగేంద్రమ్మ కూడా వేసింది. నిజం వేలిముద్ర ఆమెదొక్కతిదే.

సాయంత్రం సభలో సారు మైకు పట్టుకొని చలించిపోయాడు. "ఎన్నో గ్రామాలు చూశాను. ఇక్కడ నలభై రెండు నిచ్చెనలూ ఒకే ఎత్తు, ఒకే వెదురు, పన్నెండేసి మెట్లు. నాలుగో మెట్టు విరిగితే అన్నిటికీ ఒకే రంగు గుడ్డపేలికతో కట్టుకున్నారు. ఈ ఏకరూపత, ఈ క్రమశిక్షణ జిల్లాకే ఆదర్శం!" జనం చప్పట్లు కొట్టారు. కొట్టకుంటే బాగుండదు గదా.

ఊరు 'సంపూర్ణ సంసిద్ధ గ్రామం' అయింది. బహుమానంగా సిమెంటు రోడ్డు మంజూరైంది. రోడ్డు సర్పంచు వెంకట్రాములు ఇంటి ముందు మొదలై ఆయన కల్లం దగ్గర ఆగేటట్టు కొలతలు కూడా వేశారు. నమూనా కోసం ఒక నిచ్చెనకు పూలదండ వేసి పంచాయితీ ఆఫీసులో పెట్టి తాళం వేశారు. ఏ నిచ్చెనో చెప్పనక్కర లేదు.

నాగేంద్రమ్మ మూడుసార్లు పోయి అడిగింది. "నా నిచ్చెన నాకియ్యి ఎంకట్రాములు."

"ఇంక అది నీ నిచ్చెన గాదు వదినా, ఊరి ఇజ్జత్."

"ఇజ్జతెక్కి మిరపకాయలు ఎండవోసుకుందునా?"

అక్టోబరు వచ్చింది. కృష్ణమ్మ ఎవరికీ కబురు పెట్టలేదు. రెండు దినాల వాన మీద తెల్లారేసరికి నీళ్లు వీధిలో ఉన్నాయి. నాగేంద్రమ్మ ఇంట్లో రెండు సంచుల పల్లికాయ విత్తనం ఉంది. అది యాసంగిలో ఆమె రెండెకరాల్లో పడితే ఈ ఏడు ఇంటి పట్టునే ఉండొచ్చు; పడకుంటే పూణె బస్సెక్కి ఇటుకలు మోయాలి. ఆమె మిద్దె వైపు చూసింది, గోడ వైపు చూసింది. వాకిట్లోకొచ్చి "నిచ్చెన, నిచ్చెన" అని గొంతు చించుకుంది. పంచాయితీ తాళంచెవి సర్పంచు జేబులో, సర్పంచు మల్దకల్‌లో పెండ్లి భోజనం దగ్గర ఉన్నాడు. నీళ్లు నడుముకు రాగానే జములమ్మ వచ్చి రెక్క పట్టి బడికి గుంజుకపోయింది.

మనుషులందరూ బతికారు. వారానికి నీళ్లు తీశాయి. విత్తనం సంచిలోనే మొలకెత్తింది. మొలక చాలా ఏపుగా వచ్చింది.

నష్టం రాసుకోవడానికి మళ్లీ దినేష్ సారే వచ్చాడు. అంతకుముందే సర్పంచు ఊరును కూర్చోబెట్టి చెప్పాడు: "ఒక్కటే నిచ్చెన అన్నమనుకో, దొంగ వేలిముద్రలని అందరి మీద కేసు. రోడ్డు వాపసు. జర నోరు కట్టుకోండి." అందరూ కట్టుకున్నారు. విత్తనం అందరిదీ పోయింది, కానీ రోడ్డు ఇంకా రావలసి ఉంది.

బడి వరండాలో సారు నాగేంద్రమ్మ పేరు దగ్గర పెన్ను ఆపాడు. "చూడమ్మా, సంపూర్ణ సంసిద్ధ గ్రామంలో విత్తన నష్టం జరగడానికి వీల్లేదు. ఫారంలో ఆ గడే లేదు."

"సంచి తెచ్చి చూపియ్యనా సారూ?"

"సంచి సంగతి కాదు. ఊళ్లో నలభై రెండు నిచ్చెనలుండగా విత్తనం కింద ఎందుకు పెట్టుకున్నావు? నీది అందకపోతే పక్కింట్లో అడగొద్దా? ఇది నిర్లక్ష్యం కాదా?"

సర్పంచు దగ్గాడు. జములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలభై ఒక్క గడపల జనం ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు.

"అడిగిన సారూ," అంది నాగేంద్రమ్మ. "నడుముల దాంక నీళ్లల్ల నిలబడి ఊరందరికీ ఇనబడేటట్టు అడిగిన. ఎవరింట్ల ఉండెనో నీ కాయితంల రాసుంది గద. పేరు సదువు. ఇప్పుడన్న పొయ్యి తెచ్చుకుంట."